డీజిల్ వ్యాన్ కొంటున్నారా? ప్రొద్దుటూరుకు సరిపోయే ఇంజన్ పులివెందులకు సరిపోదు.. తేడా ఎక్కడంటే!

సరుకు రవాణా బండ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త రేటు అమల్లోకి వచ్చింది. పన్ను కలపకముందు 6 లక్షలు ఉన్న వ్యాన్ పాత లెక్కలో 7 లక్షల 68 వేలు పడేది. కొత్త లెక్కలో 7 లక్షల 8 వేలు. అంటే 60 వేలు తగ్గినట్టే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద వ్యాపారికి ఇందులో పెద్ద తేడా లేదు. కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి తీసుకునే వీలు అతనికి ముందు నుంచీ ఉంది. అసలు లాభం సొంతంగా ఒకే ఒక్క బండి పెట్టుకుని బాడుగకు తోలుకునే మనిషికి.

అందుకే కడప జిల్లాలో ఆ ఒక్క బండి మనిషి ఇప్పుడు ఏ ఇంజన్ ఎంచుకుంటాడన్నది చిన్న విషయం కాదు. తగ్గిన 60 వేలు తప్పు ఇంజన్ తీసుకుంటే రెండు రిపేర్లకే కరిగిపోతాయి. 7 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెల కంతు 15,200 రూపాయల పైనే. నెలలో 25 రోజులు బాడుగ దొరికిందనుకున్నా రోజుకు 600 రూపాయలు కంతుకే పోతుంది. డీజిల్, డ్రైవర్ బత్తా, టైర్లు అన్నీ ఆ తర్వాతే. బండి వారం రోజులు షెడ్డులో నిలబడితే కంతు మాత్రం నిలబడదు కదా!

షోరూమ్‌లో అందరూ అడిగే మొదటి ప్రశ్న 'మైలేజీ ఎంత?'. రెండోది 'డౌన్ పేమెంట్ ఎంత?'. ఈ రెండింటి కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఈ బండి రోజులో ఎంతసేపు ఆగకుండా పరుగెత్తుతుంది? 2020కి ముందు ఈ ప్రశ్నతో పెద్దగా పని లేదు. ఇప్పుడు డీజిల్ కొనాలా వద్దా అన్నది ముందు తేల్చేది ఇదే.

2020 ఏప్రిల్ 1న ఏం మారింది?

టాటా ఏస్ 2005 మేలో వచ్చింది. మన పల్లెల్లో చాలామంది నోట ఇది 'టాటా ఏసీ'. దాంట్లో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. బలం 16 హెచ్‌పీ మాత్రమే. అయినా లక్షల కుటుంబాలకు అన్నం పెట్టింది. కారణం సింపుల్. ఆగి ఆగి తోలినా, గంటలకొద్దీ ఐడిలింగ్‌లో పెట్టినా ఆ ఇంజన్ పెద్దగా మొరాయించదు. ఊరి మెకానిక్ స్పానర్లతోనే విప్పి బిగించేవాడు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. బీఎస్-5 అనేదే లేకుండా బీఎస్-4 నుంచి నేరుగా ఒక మెట్టు దూకేశారు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకి దిగింది. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ కూడా మొదలైంది. పొగను ల్యాబ్‌లోనే కాదు, రోడ్డు మీద తోలుతూ కూడా కొలిచే పద్ధతి అప్పుడే వచ్చింది.

గాలికి ఇది మంచిదే. సందేహం లేదు. కానీ బండి కింద సైలెన్సర్ గొట్టం ఇక ఉత్త గొట్టం కాదు. బండిని బట్టి అందులో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే మరో యూనిట్, ఉష్ణోగ్రత, పీడనం చూసే సెన్సర్లు చేరాయి. చిక్కంతా ఈ ఫిల్టర్‌తోనే.

డీపీఎఫ్ మసిని పట్టి దాచుకుంటుంది. నిండాక కాల్చేయాలి. పూర్తిగా కాలాలంటే లోపల 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి బజారులో ఫస్ట్ గేరు, సెకండ్ గేరులో పోతే రాదు. ఖాళీ రోడ్డు మీద 15, 20 నిమిషాలు ఒకే ఊపులో పోవాలి. అలా పోకపోతే ఇంజన్ కంప్యూటర్ తనంతట తాను అదనంగా డీజిల్ చిమ్మి వేడి పుట్టించే ప్రయత్నం చేస్తుంది. మధ్యలో అంగడి ముందర బండి ఆపేశారనుకోండి. ఆ పని సగంలో ఆగిపోతుంది. కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. 'ఆయిల్ తగ్గలేదు, ఇంకా పెరిగింది, ఇంజన్ భలే ఉంది' అని సంబరపడేవాళ్లు ఉన్నారు. డిప్ స్టిక్ మీద ఆయిల్ పెరిగితే అది మంచి వార్త కాదు. ఆయిల్ పలచబడిందని అర్థం. బేరింగులు అరగడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇలా పదేపదే జరిగితే డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది. దాన్నీ పట్టించుకోకపోతే ఇంజన్ బలం తగ్గించుకుని నత్తనడక నడుస్తుంది. అప్పుడు స్పానర్లు చాలవు. స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లాలి.

ఈ మార్పును చిన్న డీజిల్ తట్టుకోవడం ఎంత కష్టమో మారుతి నిర్ణయమే చెబుతుంది. 2016లో సూపర్ క్యారీ వచ్చినప్పుడు దాంట్లో 793 సీసీ డీజిల్ ఇంజన్ ఉండేది. 2020 ఏప్రిల్‌తో మారుతి డీజిల్‌ను పూర్తిగా వదిలేసింది. సూపర్ క్యారీ ఆ తర్వాత పెట్రోల్, సీఎన్‌జీ బండి అయిపోయింది.

ప్రొద్దుటూరు: అసలు డీజిల్ ఎందుకు?

ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అని పేరు. బంగారం అంగళ్లు, బట్టల దుకాణాలు, పత్తి వ్యాపారం. శివాలయం సెంటర్ నుంచి గాంధీ రోడ్డు, పుట్టపర్తి సర్కిల్ దాకా ఒక డెలివరీ వ్యాన్ దినచర్య ఎలా ఉంటుందో ఊహించుకోండి. 300 మీటర్లు పోవడం, ఆగడం. పది నిమిషాలు సరుకు దించడం. మళ్లీ 200 మీటర్లు. రోజంతా తిరిగినా మీటర్ మీద 40 కిలోమీటర్లు దాటదు. బరువు కూడా తక్కువే. బట్టల బేళ్లు, కిరాణా, నీళ్ల క్యాన్లు అన్నీ కలిపినా ఆరేడు వందల కిలోలు.

డీపీఎఫ్‌కు ఇంతకంటే చెడ్డ డ్యూటీ ఉండదు.

డబ్బు లెక్క కూడా డీజిల్ వైపు గట్టిగా లేదు. ఒక ఉదాహరణ చూద్దాం. 2025లో మన వైపు లీటరు డీజిల్ 97 రూపాయల చుట్టుపక్కల, పెట్రోల్ 110 చుట్టుపక్కల నడిచాయి. డీజిల్ బండి లీటరుకు 18 కిలోమీటర్లు, పెట్రోల్ బండి 13 ఇస్తాయనుకుందాం. కిలోమీటరుకు డీజిల్ ఖర్చు 5 రూపాయల 40 పైసలు. పెట్రోల్‌కు 8 రూపాయల 46 పైసలు. తేడా 3 రూపాయల పైచిలుకు. డీజిల్ బండి లక్ష రూపాయలు ఎక్కువ అనుకుంటే, ఆ లక్ష తిరిగి రావడానికి సుమారు 32,500 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 40 చొప్పున ఏడాదికి 300 రోజులు తోలితే 12 వేల కిలోమీటర్లు. అంటే రెండేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. అదీ మధ్యలో డీపీఎఫ్ ఖర్చు ఒక్కటి కూడా తగలకపోతే!

అందుకే ఊరి లోపల తిరిగే బండికి పెట్రోల్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ ఈ మూడింటినీ ముందు చూడాలి. 2025 జూన్‌లో టాటా తెచ్చిన ఏస్ ప్రో ఈ లెక్కకే పుట్టినట్టుంది. పెట్రోల్, సీఎన్‌జీ కలిపిన బై-ఫ్యూయల్, ఎలక్ట్రిక్ రకాల్లో వచ్చింది. డీజిల్ మాత్రం లేదు. మోసే బరువు 750 కిలోలు. మొదలు ధర 3 లక్షల 99 వేలని ప్రకటించారు. సీఎన్‌జీ తీసుకునేవాళ్లు మాత్రం బంకు ఎంత దూరం, పొద్దున పూట క్యూ ఎంత అని ముందు వెళ్లి కళ్లారా చూసుకుని రావాలి. గంటసేపు క్యూలో నిలబడితే ఒక బాడుగ పోయినట్టే.

ఇంటింటి రేషన్ బండ్లు కూడా ఇలాంటి ఆగి ఆగి పోయే పనే చేశాయి. 2021 జనవరిలో రాష్ట్రంలో 9,260 ఎండీయూ వాహనాలు రోడ్డెక్కాయి. టాటా ఏస్ గోల్డ్, మారుతి సూపర్ క్యారీ రెండూ ఉన్నాయి అందులో. 2025 జూన్ 1 నుంచి ఆ పథకం ఆగిపోయింది. ఇలాంటి బండి ఏదైనా చవగ్గా బేరానికి వస్తే కిలోమీటర్ల మీటర్ ఒక్కటే చూసి మురిసిపోకూడదు. తక్కువ తిరిగి ఉండొచ్చు, కానీ తిరిగినంతా ఫస్ట్ గేరు, సెకండ్ గేరులోనే. క్లచ్ ఎలా ఉందో ముందు చూడాలి.

ఇప్పటికే బీఎస్-6 డీజిల్ తీసుకుని ప్రొద్దుటూరులో తిప్పుతున్నవాళ్ల సంగతేంటి? భయపడాల్సిన పని లేదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు 20 కిలోమీటర్లు. వారానికి ఒకసారి ఒకే ఊపులో, ఆపకుండా అక్కడి దాకా పోయి వస్తే ఫిల్టర్ శుభ్రపడే అవకాశం దానికి దొరుకుతుంది. సరుకు దించేటప్పుడు ఇంజన్ ఆపేయడం అలవాటు చేసుకోవాలి. ఏసీ కోసమో, సెల్ఫ్ పట్టదన్న భయంతోనో అరగంట ఐడిలింగ్‌లో పెడితే ఊరికే మసి చేరుతుంది.

డీజిలే కావాలి, చిన్నదే కావాలి అనుకునేవాళ్లకు ఒక మధ్య దారి ఉంది. టాటా 2025 సెప్టెంబరులో ఏస్ గోల్డ్ ప్లస్ తెచ్చింది. 22 పీఎస్ బలం, 55 న్యూటన్ మీటర్ల టార్క్, 900 కిలోల లోడు. దాంట్లో నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టి ఉంచే ఎల్‌ఎన్‌టీ పద్ధతి వాడారు. డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం పోయాల్సిన పని లేదు. చిన్న యజమానికి ఇది ఒక తలనొప్పి తగ్గినట్టే. అయితే 55 న్యూటన్ మీటర్లతో ఏం చేయగలం, ఏం చేయలేం అన్నది జమ్మలమడుగు వస్తే తెలుస్తుంది.

జమ్మలమడుగు: హెచ్‌పీ కాదు.. టార్క్ అడగండి

ఇక్కడి సరుకు వేరు. ఎర్రగుంట్ల, మైలవరం, జమ్మలమడుగు చుట్టూ నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు. పెద్ద ఆర్డర్లు లారీలు తీసుకెళ్తాయి. ఇల్లు కట్టుకునేవాళ్లకు 20, 30 బండలు చేర్చేది మాత్రం చిన్న వ్యాన్లే.

బండ చూడటానికి పలచగా ఉంటుంది. బరువు మాత్రం మోసం చేస్తుంది. అంగుళం మందం, ఒక చదరపు అడుగు నాపరాయి 6 కిలోల పైనే తూగుతుంది. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న ఒక్క బండ సుమారు 50 కిలోలు. 30 బండలు ఎత్తితే టన్నున్నర అయిపోయినట్టే! తొట్టిలో చూస్తే జానెడు ఎత్తు కూడా ఉండదు. 'ఇంకో పది వెయ్యన్నా, ఖాళీగానే ఉంది కదా' అనే మాట ఇక్కడే వస్తుంది. 900 కిలోల బండికి 18 బండలే హద్దు. 30 వేస్తే అది ఓవర్‌లోడు.

మోటారు వాహనాల చట్టంలోని 194 సెక్షన్ కింద ఓవర్‌లోడుకు జరిమానా 20 వేలు. అదనంగా ఉన్న ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు. నెల కంతు కంటే ఎక్కువ. జరిమానా తప్పించుకున్నా ఇంజన్, క్లచ్, వెనక ఇరుసు తప్పించుకోలేవు. వాటి బిల్లు ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఇక్కడ హెచ్‌పీ కంటే టార్క్ ముఖ్యం. హెచ్‌పీ అంటే బండి ఎంత వేగంగా పోగలదో చెప్పే లెక్క అనుకోవచ్చు. టార్క్ అంటే నిలబడి ఉన్న బరువును కదిలించే తోపు. గని గుంతలోంచి రాళ్ల దారి మీద పైకి ఎక్కాలన్నా, ముద్దనూరు ఘాట్‌లో లారీ వెనకాల ఆగి మళ్లీ ఎత్తు మీద బండి లాగాలన్నా కావాల్సింది ఈ తోపే. అదీ ఇంజన్ తక్కువ వేగంలో ఉన్నప్పుడే రావాలి.

అంకెలు చూస్తే తేడా అర్థమవుతుంది. ఏస్ గోల్డ్ ప్లస్ 55 న్యూటన్ మీటర్లు. అదే కంపెనీ ఇంట్రా వీ30లో 1,496 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, 140 న్యూటన్ మీటర్లు, 1,300 కిలోల లోడు. ఇంట్రా వీ50లోనూ అదే 1,496 సీసీ. కానీ టార్క్ 220 న్యూటన్ మీటర్లు. అదీ 1,750 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. లోడు 1,500 కిలోలు. సీసీ ఒకటే, తోపు మాత్రం ఒకటిన్నర రెట్లు! అంటే 'ఎన్ని సీసీ?' అన్న ప్రశ్నకు వచ్చే జవాబుతో ఎటూ తేలదు. అశోక్ లేలాండ్ బడా దోస్త్‌ది 1.5 లీటర్ల ఇంజనే, 190 న్యూటన్ మీటర్లు. మహీంద్రా బొలెరో పికప్‌లో 2.5 లీటర్ల పెద్ద ఇంజన్, టార్క్ మాత్రం రెండు వందల చుట్టుపక్కలే.

మరి చిన్న ఇంజన్‌లో అదే టార్క్ వస్తుంటే పెద్దది ఎందుకు? ఇక్కడ ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చిన్న ఇంజన్ టర్బోతో ఆ తోపు తెస్తుంది. ఖాళీగా వచ్చేటప్పుడు డీజిల్ తక్కువ తాగుతుంది. పెద్ద ఇంజన్ అదే పనిని తక్కువ శ్రమతో చేస్తుంది. రోజూ నిండు లోడుతో ఎత్తు ఎక్కే బండికి, మే నెలలో కడప ఎండకి, ఆ తేడా రేడియేటర్ మీద కనిపిస్తుంది. రోజుకు నాలుగు ట్రిప్పులూ బండల లోడే అయితే 2 లీటర్ల పైన ఇంజన్ వైపు మొగ్గడం మేలు. వారానికి రెండు రోజులు బండలు, మిగతా రోజులు కిరాణా, పెళ్లి సామాన్లు అయితే 1.5 లీటర్ల టర్బో చాలు.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో ఇస్తారు. ఖాళీ బండి ఏదైనా బాగానే లాగుతుంది! వీలైతే టన్ను బరువు వేసుకుని ఎత్తు మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఫస్ట్ గేరులో ఎక్కించి చూడాలి. క్లచ్ వాసన వచ్చిందంటే ఆ బండి ఈ పనికి కాదు.

పులివెందుల: ఇక్కడే డీజిల్ రాజు

పులివెందుల, లింగాల, వేముల వైపు అరటి. లింగాల, సింహాద్రిపురం వైపు చీనీ. ఢిల్లీకి పోయే అరటి పెద్ద లారీల్లో పోతుంది. వ్యాన్ పని తోట నుంచి మండీకి చేర్చడం, లేదంటే రాత్రికి రాత్రి బెంగళూరు మార్కెట్‌కు తోలడం. బెంగళూరు 200 కిలోమీటర్ల పైనే. పోనూ రానూ కలిపితే 400 దాటుతుంది. సాయంత్రం ఎత్తిన కాయ తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండాలి. ఆలస్యమైతే మంచి ధర వేరేవాడు తీసుకుపోతాడు. మధ్యలో బండి ఆగితే పోయేది బాడుగ ఒక్కటే కాదు, రైతు పంట కూడా.

ఈ డ్యూటీలో డీపీఎఫ్‌తో గొడవే ఉండదు. ఇంజన్ గంటల తరబడి వేడి మీద ఉంటుంది కాబట్టి మసి దానంతట అదే కాలిపోతూ ఉంటుంది. పైన వేసిన లెక్కే మళ్లీ వేద్దాం. రోజుకు సగటున 150 కిలోమీటర్లు అనుకుంటే ఏడాదికి 45 వేలు. డీజిల్ కోసం పెట్టిన అదనపు లక్ష తొమ్మిది నెలలు తిరక్కుండానే వచ్చేస్తుంది. ఆ తర్వాత ప్రతి కిలోమీటరుకూ 3 రూపాయలు మిగులు.

ఇంకో విషయం. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్‌పై వ్యాట్ 22.25 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. 2025లో కర్ణాటక తన పన్ను పెంచాక కూడా బెంగళూరులో లీటరు ఆరేడు రూపాయలు తక్కువే. 50 లీటర్లు అక్కడ పట్టించుకుంటే 300 రూపాయలు మిగులుతాయి. సరిహద్దు దాటి పోయే బండికి ఉన్న ఈ వెసులుబాటు ప్రొద్దుటూరు బజారులో తిరిగే బండికి లేదు. మన పన్ను భారం ఎక్కువగా పడేది అలాంటి చిన్నవాళ్ల మీదే మరి.

దూరం పోయే పెద్ద పికప్‌లలో కొన్నింటికి డీఈఎఫ్ ట్యాంకు ఉంటుంది. నీలం మూత. అందులో పోసేది 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు లేని శుద్ధ జలం. 100 లీటర్ల డీజిల్‌కు మూడు నుంచి ఐదు లీటర్లు ఖర్చవుతుంది. యూరియా అనగానే కొందరికి ఒక ఆలోచన వస్తుంది. ఇంట్లో సేద్యానికి తెచ్చిన బస్తా ఉంది కదా, బోరు నీళ్లలో కలిపి పోస్తే పోలా అని!

పోదు. పొలంలో వేసే యూరియాకు 2015 నుంచి వేప నూనె పూత తప్పనిసరి. ఆ పూత, అందులోని ఇతర మలినాలు, బోరు నీళ్లలోని ఉప్పు అన్నీ కలిసి ఇంజెక్టర్‌ను, లోపలి క్యాటలిస్ట్‌ను పాడు చేస్తాయి. వందల రూపాయల ఆదా వేలల్లో బిల్లు అవుతుంది. సబ్సిడీ యూరియాను ఇలా మళ్లించడం నేరం కూడా. సరైన డీఈఎఫ్ క్యాన్ కొన్నా రేకుల షెడ్డులో ఎండకు పడేయకూడదు. 30 డిగ్రీల లోపు ఉంటే ఏడాది నిల్వ ఉంటుంది. 35 డిగ్రీలకు ఆరు నెలలే. కడప వేసవిలో రేకుల కింద ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. నెలకు సరిపడా కొనుక్కోవడమే నయం.

పెద్ద ఇంజన్ అనగానే 100 హెచ్‌పీ టాటా యోధ లాంటివి గుర్తొస్తాయి. 2.2 లీటర్లు, 250 న్యూటన్ మీటర్లు. 2022లో వచ్చిన యోధ 2.0 రెండు టన్నులు మోస్తుంది. బెంగళూరు పోనూ, వచ్చేటప్పుడు రిటర్న్ లోడు దొరికేవాళ్లకు ఇది సరైన బండి. వచ్చేటప్పుడు ఖాళీగా వస్తే మాత్రం దారి పొడవునా డీజిల్ తాగి ఇనుమును మోసుకొచ్చినట్టే. రిటర్న్ లోడు ఎవరిస్తారో తేల్చుకున్నాకే ఇంజన్ సైజు తేల్చుకోవాలి.

మూడు టన్నుల గీత

ఇంజన్ పెద్దదైతే బండి మొత్తం బరువు కూడా పెరుగుతుంది. ఇక్కడ చట్టంలో ఒక గీత ఉంది. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. చాలా పికప్‌ల మొత్తం బరువు 2,900 పైన, మూడు వేలకు కాస్త లోపల ఆగిపోవడం కాకతాళీయం కాదు. ఇంట్రా వీ50ది 2,940 కిలోలు. బడా దోస్త్‌లోనే ఐ3 మోడల్ గీత లోపల ఉంటే, ఐ4 దాటిపోతుంది. ఒకే పేరు, ఒకే 1.5 లీటర్ల ఇంజన్. కాగితాలు మాత్రం వేరు. పక్క రాష్ట్రం పోయేవాళ్లకు ఈ తేడా బాగా పట్టింపు.

లైసెన్సు విషయంలో కొంత ఊరట ఉంది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని సాధారణ ఎల్‌ఎంవీ లైసెన్సుతో తోలవచ్చు. ప్రమాదం జరిగితే 'ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ లేదు' అని బీమా కంపెనీ చేతులెత్తేసే దారి దీంతో చాలావరకు మూసుకుపోయింది.

పాత బీఎస్-4 తీసుకోవచ్చా?

ఇంత గొడవ ఎందుకు, డీపీఎఫ్ లేని పాత బండి కొనేద్దాం అనేవాళ్లు చాలామందే ఉన్నారు. మాటలో పస లేకపోలేదు. ఊళ్లోనే రిపేరు అవుతుంది, ధర తక్కువ. కానీ బీఎస్-4 బండ్ల అమ్మకాలు 2020 మార్చి 31తోనే ఆగిపోయాయి. అంటే ఎంత కొత్తది దొరికినా ఐదేళ్లు దాటినదే. రవాణా బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, ఆ తర్వాత ఏటా చేయించాలి. 2017 బండి కొంటే ఆ ఏటా తిరిగే గుంపులో ఇప్పటికే ఉన్నట్టు. ప్రొద్దుటూరులో రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే సొంత అంగడి బండికి ఇది పనికొస్తుంది. బెంగళూరు రాత్రి డ్యూటీకి మాత్రం వద్దు.

బీఎస్-6 సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో జాగ్రత్త. కొందరు డీపీఎఫ్ లోపలి భాగం పీకేసి, సెన్సర్లను ఏమార్చి అమ్ముతున్నారు. తోలితే బాగానే ఉంటుంది. పొగ పరీక్షకో, ఫిట్‌నెస్‌కో పోయినప్పుడు బయటపడుతుంది, అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. బేరానికి పోయేటప్పుడు స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాలి. సైలెన్సర్ చివర లోపలి వైపు వేలు పెట్టి చూడాలి. డీపీఎఫ్ సరిగ్గా ఉన్న బండిలో ఆ గొట్టం దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి నల్లగా మసి అంటితే బేరం అక్కడే ఆపేయొచ్చు.